అత్తగారికీ ఒక ఫారం

అమ్మా, నేను క్షేమం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా?

కుటుంబ ఆరోగ్య సర్వేలో నా పని తెలుసుగా, ఎంతమంది పిల్లలు కావాలనుకున్నారో ఆడవాళ్లను ఒంటరిగా అడగాలి. మొన్న ఒకింట్లో (పేర్లు చెప్పకూడదు) కోడల్ని అడుగుతుంటే అన్నిటికీ అత్తగారిదే జవాబు. "మీకూ ఒక ఫారం ఉందండీ, తర్వాత మీ వంతే" అని ఆవిడను వంటింట్లోకి పంపాను. నిజానికి అత్తగార్లకు ఫారమే లేదు! కానీ మాటిచ్చాక తప్పుతుందా? ఖాళీ ఫారం తీసుకుని ఆవిడ ఎదుట కూర్చున్నాను. గంటసేపు మాట్లాడింది, అంతా అందులో రాసుకున్నాను.

"ఇద్దరు చాలనుకున్నా, ఏడుగురు పుట్టారు. నన్నెవరు అడిగారమ్మా?" అంది.

మా మేడం తిడుతుందనుకున్నాను. ఆ ఫారం చదివి, ఇకపై అందరూ అత్తగార్లనూ అడగాలంది. నీ కూతురు పెట్టిన పద్ధతమ్మా ఇది! గొప్పలు కాదు, నిజం.

అన్నయ్యతో నా గొడుగు పంపు. చెల్లిని మందులు మాననివ్వకు. నాన్నకు నమస్కారాలు.

నిన్ను కూడా ఎవరూ అడిగి ఉండరు. ఎంతమంది చాలనుకున్నావు? కార్డు మీద వద్దు, కవర్లో పెట్టి రాయి. నేను ఐదోదాన్నే, అయినా ఏమీ అనుకోనులే.