కళ్లంలో పడిన ఫోటో

శుక్రవారం, వాన వెలిశాక.

కోటేశ్వరమ్మ గారి మిరపకాయలు కళ్లంలోనే తడిసిపోయాయి. నష్టం ఫోటోలు తీసి ఆఫీసుకు పంపడం నా ఉద్యోగం గనక పొద్దున్నే వెళ్లాను. ఆవిడ టార్పాలిన్ పట్టా ఎత్తి చూపిస్తుంటే నేనూ ఒక కొస పట్టుకున్నాను. అప్పుడే చేతిలో ఫోన్ నొక్కుకుపోయి ఒక ఫోటో పడింది.

ఇంటికొచ్చాక చూశాను. వంకరగా ఉంది. కాయల మధ్య నిలిచిన ఎర్రటి నీళ్లు, ఆ నీళ్లలో తేటపడుతున్న ఆకాశం, ఓ మూల ఆవిడ పాదం. నేను కావాలని తీసిన ఏ ఫోటో ఇంత బాగా రాలేదు. ఆలోచించకుండా స్టేటస్‌లో పెట్టేశాను. అందరూ మెచ్చుకుంటుంటే సంతోషించాను కూడా.

సాయంత్రం కోటేశ్వరమ్మ గారు ఫోన్ చేశారు.

"మా కాయల ఫోటో పెట్టావంట గదమ్మా. మా కోడలు చూపించింది."

"తప్పైపోయిందండి, తీసేస్తాను" అన్నాను.

"తీసెయ్యడమెందుకు, బాగుందిగా. ఆఫీసుకూ అదే పంపావా?"

"లేదండి. దాంట్లో నష్టం సరిగ్గా కనపడదు."

"అయినా పంపమ్మా. బాగుంటే ఒకసారి ఆగి చూస్తారు."

స్టేటస్ తీసేశాను. ఆవిడ మాట కాదనలేక మిగతా ఫోటోలతో పాటు దాన్నీ పంపాను. మా సారు ఎప్పుడూ జవాబివ్వరు. ఇవాళ వెంటనే ఇచ్చారు.

"ఫోటో అదిరిందమ్మా. ఏ ఫోన్?"

కాయల గురించి ఒక్క ముక్క లేదు. చూశారా అని రేపు ఆవిడ అడుగుతుంది. చూశారనే చెప్పాలి, అబద్ధం కాదుగా...