రాక్షసుల యాస

బుధవారం, మణికొండ. మళ్లీ తెలంగాణ బంద్.

ఆఫీసు క్యాబ్ రాలేదు. అమ్మ కూడా దవాఖానలో డ్యూటీకి పోలేకపోయింది. ఊరికే కూర్చోలేక నా నవల ప్రింటు ముందేసుకుని పొద్దంతా చదివింది. మూడేళ్లుగా రాస్తున్న మాయలోకం కథ, నాలుగుసార్లు తిరగరాశాను. ఎల్లుండి లోపు పబ్లిషర్‌కి చేరాలి.

సాయంత్రం కళ్లజోడు తీసి అంది: "మంచిగుంది బిడ్డా. గానీ, రాజు, రాణి, గురువు అందరు బడి పుస్తకం లెక్క మాట్లాడతరు. రాక్షసులేమో మన లెక్క మాట్లాడతరు. గట్లెందుకు?"

"అదేం లేదమ్మా" అని కసిరాను. లోపలికెళ్లి ఫైల్ తెరిచి చూశాను. అమ్మ అన్నట్టే ఉంది. ప్రతి రాక్షసుడూ 'ఏంది', 'గిట్ల' అనే అంటున్నాడు. నాలుగు డ్రాఫ్టుల్లో ఒక్కసారీ నా కంట పడలేదు. పైగా ఆ మాటలు రాస్తూ నవ్వుకున్నాను కూడా. ఛీ! మొన్న టీమ్ లీడ్ నా యాసని వెక్కిరిస్తే క్యాంటీన్‌లో గొడవ పెట్టుకున్నది నేనే కదా.

ఒక్క రోజులో ఎంతని మారుస్తాను? మార్చినా, రాణి మన యాసలో మాట్లాడితే పబ్లిషర్ కామెడీ అనుకుంటాడేమో...

మొదటి అధ్యాయం తెరిచాను. కోట గుమ్మంలో రాణి కూతురిని ఆపే చోటు. "ఎక్కడికి వెళ్తున్నావు తల్లీ?" కొట్టేసి, "ఏడికి పోతున్నవ్ బిడ్డా?" అని రాశాను.

మూడేళ్లలో మొదటిసారి, రాణికి నిజంగా ఒక కూతురుందనిపించింది.

ఇగ మూడువందల పేజీలున్నయి.