చెర్రీ లేని పేస్ట్రీ

ఆదివారం, బంద్ రోజు

మహబూబాబాద్‌లో ఈరోజు బస్సుల్లేవు, ఆటోల్లేవు. పొద్దున్నే తొర్రూరు రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తాను. నా దోస్తు సంపత్ పోయాక ఒక్కడినే పరుగెత్తడం ఇదే మొదటిసారి.

తెలంగాణ వస్తే కానిస్టేబుల్ కొలువులు పడతాయని ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. వారమంతా కేకు ముట్టకూడదు. ఆదివారం మాత్రం బేకరీ దాకా పందెం, ఇద్దరికీ కలిపి ఒకటే పేస్ట్రీ. ముందు చేరినవాడిదే పైనున్న చెర్రీ. ఎప్పుడూ వాడే గెలిచేవాడు. "చాటుకు కేకులు తింటె గిట్లనే ఉరుకుతవ్‌రా" అనేవాడు. నిజమే, తినేవాణ్ని.

రైల్వే గేటు దాటాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే రోడ్డంతా ఖాళీ. ఊపిరి బిగబట్టి ఉరికాను. వాడు ఎప్పుడూ నన్ను దాటే మలుపు దగ్గరే ఆ చప్పుడు కూడా నన్ను దాటి ముందుకు పోయింది.

బేకరీ అన్న షటర్ సగమెత్తి, అడగకముందే పేస్ట్రీ పెట్టాడు. క్రీము మీద చిన్న గుంట మాత్రమే ఉంది.

"చెర్రీ ఏదన్నా?"

"నీ దోస్తు తిన్నడు గద తమ్మీ. గిప్పుడే, నీకంటె ముందుగాల వచ్చిండు."

సంపత్ పోయిన నెల వాళ్ల సొంతూరు రఘునాథపల్లిలో, ఇంట్లోనే, జ్వరంతో చనిపోయాడు. అన్నకు ఆ సంగతి తెలియదు.

సగం తిని, సగం అక్కడే వదిలి వచ్చాను. అయినా వచ్చే ఆదివారం మళ్లీ పోతాను. కాస్త నెమ్మదిగానే పరుగెత్తుతాను. నేను ముందు చేరితే ఆ చెర్రీ పేస్ట్రీ మీదే ఉంటుందేమోనని భయం.