మీ అత్త పళ్ళు కొరుకుట గురించి

విశాఖపట్నం,
14–8–1981

చి.ల.సౌ. గౌరీశ్వరికి,

నీ బావ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. క్షేమమన్న మాటను మా ఆఫీసు అర్థంలో తీసుకో. అనగా కొత్తగా చెడినది ఏదీ లేదు.

బొబ్బిలిలో మీ అన్నయ్య ఇంటి నుంచి నీవు వ్రాసిన లేఖ పదో తేదీన అందింది. కుళాయి ఉదయం అరగంట వస్తోంది. ఆరవేసిన బట్టల మీద రేవు ఎర్రదుమ్ము యథావిధిగా పడుతోంది. నీవు లేవని అది ఏమీ మినహాయించలేదు. వంట నేనే చేస్తున్నాను. ఫిర్యాదు చేయడానికి మరొకరు లేరు.

"నేను వచ్చేశాక అత్తకు కోపం తగ్గిందా" అని అడిగావు. తగ్గలేదు. నీవు కూర్చునే పీట ఖాళీగా ఉన్నా దాన్ని చూసి పళ్ళు కొరుకుతోంది. గోడను చూసి కొరుకుతోంది. పాలు పోసే ఎల్లారావును చూసీ కొరికింది. అతడు భయపడి నాలుగు రోజులుగా నీళ్ళు కలపడం మానేశాడు. ఇంతవరకు కలిగిన లాభం అదొక్కటే. లేచింది మొదలు ఆ పటపట నడుస్తుంది, కన్ను మూతపడితే ఆగుతుంది. పక్కింటి చిలకమ్మ వచ్చి చూసి, "నులిపురుగులు బావూ, మా మనవడూ ఇలాగే కొరికీవోడు" అంది.

"ఆడు నిద్దట్లో కొరికీవోడు. నాను మెలకువలో కొరుకుతన్నాను, సూడ్డం లేదేటి?" అని అమ్మే సరిదిద్దింది.

మధ్యాహ్నానికి దవడలు నొప్పెట్టి నోరు తెరవలేకపోతోంది. అన్నం జావగా కాచి చెంచాతో పోస్తున్నాను.

ఇక దాచినది. అది కోపం కాదు, నరాల జబ్బు. చేతి వణుకూ ఈ కొరుకుడూ ఆ జబ్బు వల్లనేనని డాక్టరు చెప్పాడు. చెప్పినది మే నెలలో. నీవు వెళ్ళినది జూలైలో. "అత్త నన్ను సూసి పళ్ళు కొరుకుతంది బావా, నానేటి సేసినాను" అని నీవు గరిటె పట్టుకుని ఏడ్చిన రోజుకు సమాధానం నా దగ్గర సిద్ధంగా ఉంది.

ఆసుపత్రి మెట్ల మీదే అమ్మ నా చేయి పట్టుకుంది. "కోడలికి సెప్పకురా. కోపమనుకుంటే బయపడతాది. రోగమనుకుంటే జాలిపడతాది. నాకొద్దు ఆ జాలి."

దాన్ని ఆజ్ఞగా స్వీకరించానని చెప్పుకున్నాను. నిజానికి నాకది సౌకర్యం. ఇంట్లో కోపముంటే కోడలు సర్దుకుంటుంది; జబ్బు ఉంటే కొడుకు ఏదైనా చేయాలి. నీవు సర్దుకున్నావు, సర్దుకున్నావు, ఒకరోజు బస్సెక్కావు. నీ పెట్టె నేనే ఎక్కించాను.

నిన్న జావ పోస్తుంటే అమ్మ చెంచా తోసేసింది.

"దాన్ని రమ్మని రాయి."

"ఏమని రాయను? కోపం తగ్గిందని రాయనా?"

చాలాసేపు కొరికింది. ఆ తరువాత అంది: "వొద్దు. వొచ్చి సూత్తే మల్లా కొరుకుతాను గదా. రోగమనే రాయి."

అందువల్ల వ్రాశాను. రమ్మన్న మాట మాత్రం మా ఇద్దరిదీ.

ఇట్లు,
నీ బావ
శ్రీరామ్మూర్తి