ఇవాళ ఎక్కడ నొప్పి

చిన్నోడికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ నాన్న, మీ నాన్న కుడి మోకాలు, ముగ్గురం కులాసాగానే ఉన్నాం. మోకాలి సంగతి విడిగా రాయమని ఆయనే చెప్పారు, రాస్తాను. నువ్వూ కులాసా అనే అనుకుంటున్నాను. గొంతుకి వేన్నీళ్ళు తాగుతున్నావో లేదో ఈసారైనా రాయి.

ఈ ఉత్తరం నీ కొత్త కోటు లోపలి జేబులో పెడుతున్నాను. ఫోన్లో చెబితే సగంలో అడ్డుపడి "సరేలేమ్మా" అని పెట్టేస్తావు. అందుకని కాగితం మీద పెట్టాను. కోటు తొడుక్కునే ముందు చివరిదాకా చదువు.

నీ ఉత్తరంలో నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. నాలుగోది చివరికి జరిపాను. దాన్ని తప్పించుకుందామనే మొదట అనుకున్నాను, మనసొప్పలేదు.

నాన్నకి నీ కొత్త ర్యాప్ పాట నచ్చిందా అని అడిగావు. పొద్దున కుట్టుకొట్టు తెరవగానే పొడుగు మామయ్య వచ్చి కూర్చుంటాడు కదా, ఇద్దరూ ఫోను దారాల డబ్బాకి ఆనించి చూశారు. మీ నాన్న పాతికేళ్ళు నల్లముసుగు తొడుక్కుని రెజ్లింగ్ రింగులో ఓడిపోయిన మనిషి. మామయ్య ఆయన్ని ఓడించిన మనిషి. మీ ర్యాప్ కూడా వాళ్ళ కళ్ళకి కుస్తీగానే కనిపిస్తుంది.

"ఎంట్రీ పర్వాలేదు," అన్నారు మీ నాన్న. "పొగలోంచి వచ్చేవాడు నిదానంగా నడవాలి. వీడు బస్సు వెళ్ళిపోతున్నట్టు పరిగెత్తుకొచ్చాడు."

"మెళ్ళో గొలుసు చూశావా?" అన్నాడు మామయ్య. "అంత లావుంటే అది గొలుసు కాదు, ఛాంపియన్ బెల్టు. రేపు దాన్ని ఎవడో ఒకడు లాక్కుంటాడు చూడు."

ఇక అక్కణ్ణుంచి మీ రంగమంతా ఏకరువు పెట్టారు. ఇదే ఆఖరి ఆల్బం అని మూడుసార్లు కన్నీళ్ళు పెట్టుకుని నాలుగోది తెచ్చిన మీ పెద్దాయన ఉన్నాడే, ఆయన వీళ్ళ కాలంలో ఏటా రిటైరయ్యే ముసలి ఛాంపియన్ట. ఏడాదికో పేరు మార్చుకునే సన్నటి కుర్రాడు ముసుగు మార్చినవాడట, ఒళ్ళు మాత్రం మార్చుకోలేక దొరికిపోయాడట. ఒకరి పాట మధ్యలో పిలవకుండానే దూరి నాలుగు లైన్లు పాడి పోయేవాణ్ణి చూసి, వీడు మ్యాచ్ మధ్యలో తెర వెనకనుంచి పరిగెత్తుకొచ్చి ఒకణ్ణి కొట్టి పోయే రకం అన్నారు. పోయిన నెల అందరికీ క్షమాపణ చెప్పాడే ఒకడు, వాణ్ణి మాత్రం ఇద్దరూ నమ్మలేదు. విలన్ మంచివాడైతే మూడు వారాలకి మించి నిలవడట. అనుభవజ్ఞుల మాట మరి.

మీ జంట గురించి కూడా అన్నారు. పదిహేనో ఏటినుంచీ నువ్వు తుఫాను, నీ నేస్తం పిడుగు అని పేర్లు పెట్టుకుని, ఒకే మైకు పట్టుకుని తిరిగారు. రెండేళ్ళ కిందట విడిపోయి, ఇప్పటికి తొమ్మిది తిట్టుపాటలు విడుదల చేశారు. అయిదు నీవి, నాలుగు వాడివి. "జంటకుస్తీ అన్నాక ఎప్పుడో ఒకడు రెండోవాణ్ణి వెనకనుంచి కుర్చీతో కొట్టాలి," అన్నారు మీ నాన్న. మీలో కుర్చీ ఎవరు ఎత్తారని నేను అడిగితే, మిషను చప్పుడులో వినపడనట్టు ఇద్దరూ కిటికీలోంచి చూశారు.

రెండో ప్రశ్న, నా కళ్ళజోడు. మార్చాను. ఇప్పుడు సూదిలో దారం ఒక్కసారికే ఎక్కుతోంది, మీ నాన్న గడ్డం సరిగా గీసుకోవడం లేదని కూడా తెలిసింది.

మూడోది కోటు. శనివారం మీరిద్దరూ ఒకే స్టేజీ మీద ఎదురుపడే ఆఖరి పోటీకి కావాలన్నావు. కుట్టాను. దాని గురించి చెప్పాలంటే నా పాత పని గుర్తు చేయాలి. రెజ్లింగ్ కంపెనీలో బట్టలు కుట్టినన్నాళ్ళూ ఎవరు గెలుస్తారో నాకు మూడు రోజుల ముందే తెలిసేది. ఓడేవాడి చొక్కా చిరగాలి కాబట్టి దానికి కచ్చా కుట్టు వేయమనేవారు. పెద్ద పెద్ద పోగులతో వదులుగా వేస్తే ఒక్క లాగుకి ఊడి వస్తుంది, కింద ఒళ్ళు గీసుకుపోదు. మీ నాన్న డ్రెస్సు తీసుకునేటప్పుడు భుజం దగ్గర వేలు పెట్టి చూసేవారు. "ఇవాళ కూడానా?" అని నవ్వేవారు.

ఇంకొక ఆచారం ఉండేది. రింగులోకి వెళ్ళేముందు తెర వెనక ఇద్దరూ ఎదురుగా నిలబడి ఒకరినొకరు అడిగేవారు, "ఇవాళ ఎక్కడ నొప్పి?" అని. నడుమంటే నడుము మీద దెబ్బ వేయరు. మెడంటే మెడ జోలికి పోరు. తర్వాత బయటికి వెళ్ళి నీ అంతు చూస్తానని అరుచుకునేవారు.

ఇప్పుడు మోకాలు. మెట్ల మీద జారారని నీకు చిన్నప్పుడు చెప్పాం. అది అబద్ధం. పోస్టరు మీద ఎవరి బొమ్మ పెద్దదన్న దగ్గర మీ నాన్నకీ, పొడుగు మామయ్యకీ మాటామాటా పెరిగింది. ఆ సాయంత్రం తెర వెనక "ఎక్కడ నొప్పి?" అని మామయ్య అడిగాడు. "కుడి మోకాలు," అన్నారు మీ నాన్న. మామయ్య సరిగ్గా అక్కడే వేశాడు. మీ నాన్న నిజంగా అరుస్తుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పాతికేళ్ళలో ఆయనకి అన్ని చప్పట్లు ఎప్పుడూ పడలేదు. ఆ తర్వాత ఇద్దరూ మళ్ళీ రింగెక్కలేదు, ఒకరు ఎక్కలేక, ఒకరు ఎక్కబుద్ధి కాక. మామయ్య రోజూ పొద్దున్నే వచ్చి కొట్టు షట్టరు ఎత్తేది అందుకే. మీ నాన్న వంగలేరు. నువ్వు స్నేహం అనుకునేవాడివి. స్నేహమే అనుకో, కాని దాని అడుగున ఇది ఉంది.

ఇక నాలుగో ప్రశ్న. "పరదా వెనకే పుట్టిన తుఫాను, గుమ్మం దాటకముందే తీరం దాటింది" అని వాడు పాడాడే, ఆ పరదా సంగతి వాడికెలా తెలిసిందని అడిగావు. పదేళ్ళ వయసులో నలుగురి ముందుకి రాలేక కుట్టుగది పరదా వెనక దాక్కుని పాడేవాడివని మన ముగ్గురికే తెలుసు అన్నావు.

నేనే చెప్పాను నాన్నా.

వాడు మన కొట్టుకి వస్తున్నాడు. నాలుగు నెలలైంది. మొదటిరోజు బల్ల చివర కూర్చుని, "పిన్నీ, వాణ్ణి అడుగుదామంటే ఫోనెత్తడు. నువ్వు చెప్పు, ఇవాళ వాడికెక్కడ నొప్పి?" అన్నాడు. "వాడి నత్తి గురించి అనను. అక్కడ నొప్పని నాకు తెలుసు. కానీ ఏదో ఒకటి అనాలి కదా, జనం ఊరుకోరు." నాకు నవ్వొచ్చింది. పరదా గురించి అను, అది తలుచుకుంటే వాడికీ నవ్వొస్తుంది అన్నాను. నీకు నవ్వు రాలేదనీ, రెండు రోజులు గది తలుపు తీయలేదనీ నీ ఉత్తరం చూశాకే తెలిసింది. నొప్పి లేదనుకుని నొప్పి ఉన్న చోటే చూపించాను. ఇన్నేళ్ళూ నువ్వు దాన్ని మరిచిపోయావని అనుకోవడం నా తప్పు. నాకు చాలా బాధగా ఉంది. వాడి మీద కోపం ఉంటే అందులో ఈ వాటా నాది, నా మీద పెట్టు.

శనివారం వాడికి చదువు రాదని పదివేలమంది ముందు బయటపెడతానని రాశావు. పాట మధ్యలో ఆపి, ఒక కాగితం చేతికిచ్చి చదవమంటానని రాశావు. పదేళ్ళు వాడికి కాగితాలన్నీ చదివిపెట్టింది నువ్వే కాబట్టి ఎక్కడ నొప్పో నీకు అడగకుండానే తెలుసు. జనం నిలబడి చప్పట్లు కొడతారు, అందులో అనుమానం లేదు. తర్వాత వాడి ఇంటి షట్టరు ఎన్నేళ్ళు ఎత్తుతావో ఆలోచించుకో.

ఇవన్నీ నీకు రాయమని మీ నాన్నే అన్నారు. పక్కనే కూర్చున్న మామయ్య, "రాయండి. నా పేరు దాచకుండా రాయండి," అన్నాడు.

కోట్లు రెండు కుట్టాను. ఒకటి నీది, ఒకటి వాడిది. రెండిటికీ ఎడమ చేతికి కచ్చా కుట్టే వేశాను. ఎవరు లాగినా ఊడుతుంది, ఎవరికీ గీసుకుపోదు. మొదటిసారి ఎవరు గెలుస్తారో నాకు తెలియకుండా కుట్టాను.

నీ కోటు మెడ దగ్గర లోపలివైపు నీ పేరు ఉంది, చూడు. దారం నాదే, అక్షరాలు నావి కావు. వాడు సుద్దముక్కతో రాశాడు, దాని మీదే కుట్టాను. వంకరగా ఉందని సరిచేయబోతే వద్దన్నాడు. సాయంత్రం పూట వచ్చి బల్ల చివర కూర్చుని అక్షరాలు నేర్చుకుంటున్నాడు, ఇంకా కూడబలుక్కునే చదువుతాడు. తన పేరుకంటే ముందు నీ పేరే రాయించుకున్నాడు. ఎందుకురా అంటే, "తిట్టేవాడి పోస్టరు గోడ మీద గుర్తుపట్టాలి కదా పిన్నీ," అన్నాడు.

కాగితం ఇవ్వాలనే ఉంటే ఇవ్వు, నేను ఆపను. దాని మీద నీ పేరొక్కటే రాసి ఇవ్వు. వాడు తడుముకోకుండా చదివేది అదొక్కటే.

ఇట్లు,
కొలతలు అడగకుండానే ఇద్దరికీ కుట్టిన
మీ అమ్మ