రేడియో వెనక మూత

జూన్ 14, ఆదివారం మధ్యాహ్నం

కోడలి వరస పోయినా నాకింకా అమ్మాయివే అయిన నీకు, మావయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ మీ ఆయనా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం చేరింది. రెండే కబుర్లు రాశావు. ఒకటి, ఇక్కణ్ణుంచి నువ్వు తీసుకెళ్లిన రేడియో పలకడం మానేసిందనీ, మీ వీధి చివర మెకానిక్కుకి ఇవ్వమంటారా అనీ. రెండోది, ఈ నెల 22, సోమవారం నుంచి అక్కడి డాక్టరమ్మ దగ్గర పిల్లల కోసం మళ్లీ మందులు మొదలుపెడుతున్నాననీ. మళ్లీ పరీక్షలెందుకు మేడం, లోపం నాదేనని ఎప్పుడో తేలిపోయింది అని చెప్పి ఆవిడకి శ్రమ తగ్గించానని కూడా రాశావు.

ముందు రేడియో సంగతి. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకు. మెకానిక్కుల్లో మీటరు పట్టుకునేవాళ్లు వేరు, స్క్రూడ్రైవరు పట్టుకునేవాళ్లు వేరు. ఒకసారి మన సెలూనాయన తన సెట్టు మోసుకొచ్చాడు. అప్పటికే ఇంకొకడు దానికి స్పీకరు మార్చాడు, ట్రాన్స్‌ఫార్మరు మార్చాడు, ఊరుకోలేక నాబ్ కూడా మార్చాడు. నేను మీటరు పెట్టి చూద్దును కదా, తెగింది ప్లగ్గు దగ్గర వైరు! సెలూనాయన ఏడవలేక నవ్వి, తలనొప్పని వస్తే ముందు గుండు గీసేసి, నొప్పెక్కడ బాబూ అని తర్వాత అడిగే రకం వాడు అన్నాడు.

ఆ రోజే నా రిపేరు దుకాణం గోడ మీద 'ముందు మీటరు, తర్వాతే స్క్రూడ్రైవరు' అని ఎర్ర రంగుతో రాయించాను. నీకు గుర్తుండే ఉంటుంది. ఒక సాయంత్రం ఇంజెక్షను చేయించుకుని వచ్చి, పొట్ట పట్టుకుని నా స్టూలు మీద కూలబడి ఆ గోడ వంక చూశావు. మావయ్యా, ఇది ఇక్కడెందుకు, తీసుకెళ్లి ఆ డాక్టరు గోడ మీద రాయించండి అన్నావు. ఇద్దరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

నిజం చెప్పాలంటే ఆ డాక్టరు మొదటి రోజే నీకూ మా అబ్బాయికీ పరీక్షలు రాశాడు. తర్వాత అబ్బాయి రిపోర్టేదని అడిగాడు. అంతా నార్మలేనట అని ఇంటివాళ్లు చెబితే, కాగితం చూపించమనకుండా ఫైల్లో నార్మల్ అని రాసేసుకున్నాడు. ఆ ఒక్క ముక్క మీద నీకు నాలుగేళ్లు మాత్రలు, ఇంజెక్షన్లు, లోపల చూడ్డానికని పొట్టకి మూడు చిల్లులు. ట్యూబులు శుభ్రంగా ఉన్నాయన్నారు, అండాలు దివ్యంగా ఉన్నాయన్నారు. అయినా లోపం నీదే అన్నారు. మీ అత్త సంగతి సరేసరి. కుండీలో మొక్క వాడినా, దీనికి నీళ్లు పోసింది నువ్వేనా అని అడిగేది.

చివరికి, ఇంక ముందుకెళ్లాలంటే అబ్బాయి కూడా ఇంకోసారి పరీక్షకి రావాలి అన్నాడు డాక్టరు. చాలు, ఈ పిల్లని ఇంకా కోయనివ్వను అని నేనే లేచొచ్చేశాను. మెట్ల మీద నువ్వు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చావు. ఈ ఇంట్లో నా బాధ తెలిసింది మీకొక్కరికే అన్నావు. ఆర్నెల్లకి విడాకుల కాగితాల మీద సంతకం పెట్టావు.

కాబట్టి అమ్మాయీ, సోమవారం మందు మొదలుపెట్టకు. డాక్టరమ్మకి చెప్పిన మాట వెనక్కి తీసుకో. నీకూ మీ ఆయనకీ పరీక్షలన్నీ మొదటి నుంచీ చేయించమను. ఎవరి నోటిమాటా నమ్మొద్దను, నీది కూడా. కాగితం కళ్లతో చూడమను.

ఉంటాను.
నువ్వు పెట్టిన పేరే,
మీటరు మావయ్య

తా.క.: రేడియో ఎవరికీ ఇవ్వొద్దన్నది అది పాడైపోతుందని కాదు. వెనక మూతకి నాలుగు స్క్రూలు ఉంటాయి, విప్పడం నీకు నేనే నేర్పాను. లోపల ఒక మడిచిన కాగితం ఉంటుంది. అబ్బాయి రిపోర్టు. దుకాణానికొచ్చిన కవరు చింపింది నేనే. నాలుగో తరగతి చదువైనా డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఎంచడానికి ఒక్క కణమూ లేదట, సున్నా. ఏమొచ్చింది నాన్నా అని వాడడిగితే, అంతా బాగుందట్రా అన్నాను. డాక్టరుకీ అదే చెప్పాను. వాడికి నేటికీ తెలియదు. కాగితం మాత్రం రిపేరుకొచ్చి ఎవరూ పట్టుకెళ్లని సెట్టులో దాచాను. వెళ్లిపోయే రోజు, ఏం కావాలమ్మా అని అడిగితే నువ్వు దాన్నే చూపించావు. అందరి ముందూ కాదనలేకపోయాను. ఆరేళ్లుగా అది నీ అలమరలో కూర్చుని నీకు పాటలు వినిపించింది. ఇప్పుడెందుకు మూగబోయిందో మీటరు పెట్టకుండానే చెప్పగలను, ఆ కాగితమే జారి బ్యాటరీ రేకుకి అడ్డం పడి ఉంటుంది.

చూశాక ఇక్కడికి మాత్రం జవాబు రాయకు. టపా కొత్త కోడలే తీసుకుంటుంది. తనకీ ఆ డాక్టరే, ఆ ఫైలే. అబ్బాయి నార్మల్ అని అందులో ఉండనే ఉంది కనక మళ్లీ అడగలేదు. ఈ రోజుది పదకొండో ఇంజెక్షను. ఐస్ పెట్టెలో పెట్టి తెచ్చేది, నీకు లాగే తనకీ నేనే. ఇప్పుడే గుమ్మంలోకొచ్చి, ఎంతసేపు రాస్తారు మావయ్యా, ఐస్ కరిగిపోతోంది అంటోంది. వెళ్లాలి.