మూడుసార్లు పాడుకున్న ఈము గుడ్డు

5 నవంబర్ 2006, ఆదివారం

ఇప్పుడే రాయాలి. వచ్చే ఆదివారం పొద్దున మేకల బేరగాడు వస్తాడు. అమ్మ మేకలన్నీ అతనికి తోలేసి, ఆ డబ్బుతో ఈము పక్షుల జత కొనాలా, వద్దా... చెప్పాల్సింది నేను. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. "నువ్వే చూసి చెప్పు బిడ్డా, నాకేం తెల్వది" అని నాన్న తేల్చేశాడు. తలలో అన్నీ కలిసిపోతున్నాయి. కాగితం మీద పెడితేగానీ విడిపోవు.

అంతా ఈ పొద్దున చర్చిలో మొదలైంది. కోత పండుగ. ప్రార్థన అయ్యాక కానుకల వేలం — గుమ్మడికాయలు, వడ్ల బస్తా, మా పుంజు. చివర్లో రత్నం గారు లేచారు. దమ్మపేట దగ్గర ఈము ఫారం ఆయనదే. కండువా విప్పి గుడ్డు బల్ల మీద పెట్టారు. ముదురు ఆకుపచ్చ. రెండు అరచేతులకూ నిండుగా.

మొదట టీచర్ గారు పాడుకున్నారు. "మళ్లీ దేవుని పనికే" అని తిరిగి బల్ల మీద పెట్టేశారు. తర్వాత కిరాణా కొట్టాయన. ఆయనా తిరిగిచ్చేశాడు. మూడోసారి చెయ్యెత్తింది మా నాన్న. తిరిగివ్వలేదు. రత్నం గారు జతలు కూడా అమ్ముతారట; గుడ్డుకే ఇంత పలికితే గుడ్లు పెట్టే జతే కొందామని ఇంటిదాకా నాన్నది అదే మాట.

ఇప్పుడు మా టీవీ మీద ఉంది, స్టీలు గిన్నెలో.

"ఏం జేసుకుంటం దీన్ని? అట్టేసుకుంటమా?" — అమ్మ.

"గింత ఖరీదుది ఎవడన్న తింటడా ఏంది?" — నాన్న.

6 నవంబర్

నిద్ర సరిగా లేదు. సంతోషంతోనే. కళ్లు మూస్తే మా దొడ్లో పొడుగు మెడలు తిరుగుతున్నాయి.

కంచె మనిషి ఎత్తు దాటి ఉండాలట. కుక్కలు దూరకుండా ఇనుప జాలీ. మేకల కంచె పనికిరాదు. నాన్న అప్పుడే గుంజలు నరుకుతున్నాడు. ఇంకా నేను అవునననేలేదు.

7 నవంబర్

ఈము పిల్లలు చవక. కానీ ఏది మగదో ఏది ఆడదో చూసి చెప్పలేరట. రెండూ మగవే అయితే? ఎదిగిన జతే కొనాలి. ఒకే తల్లి పిల్లలు కాకూడదు — అడగడం మరిచిపోవద్దు.

8 నవంబర్, బుధవారం

చూశాను. చూశాను.

నాన్నా నేనూ పొద్దున బస్సులో రత్నం గారి ఫారానికి వెళ్లాం. నాన్నంత ఎత్తు, నీలం మెడ, పెళ్లికి ఆలస్యమైన పెద్దమనిషి నడక. ఒకటి తిన్నగా నా దగ్గరికి వచ్చి పెన్ను మూత లాక్కుని మింగేసింది. రత్నం గారు కొంచెం కూడా కంగారుపడలేదు. "ఏం గాదమ్మా, రేపటికల్ల బయటికొస్తది. కడుక్కొని పెట్టుకో." నాన్న నవ్వి నవ్వి గోడకి ఆనుకున్నాడు.

మాకు చూపించిన జత కాళ్లు చూశాను, వంకర లేవు. కళ్లు తేటగా ఉన్నాయి. రెండూ వేర్వేరు తల్లుల పిల్లలు. ఇక మిగిలింది గొంతు. మగది గురక పెడుతుంది, ఆడది గొంతులోనే డప్పు కొడుతుంది. కంచె పట్టుకుని నిలబడ్డాను... ఎంతసేపో. మోగింది. చెవిలో కాదు, ఛాతీలో.

ఎవరెవరు కొన్నారని అడిగాను. సత్తుపల్లి ఆయనొకరు, మధిర ఆయనొకరు. ఇద్దరూ ఫారం పెట్టారట.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను — గుడ్లు పొదిగేది మగదేనని, కూర్చుంటే మేత కూడా ముట్టదని. అమ్మ మొదటిసారి చెవి ఒగ్గింది. "అవునా? అయితే తెచ్చినంక మీ నాయనను దాని పక్కన కూసోబెడ్దం."

9 నవంబర్

పశువుల డాక్టరు గారిని కలిశాను. వీటికి ఎప్పుడైనా వైద్యం చేశారా అని అడిగితే నవ్వారు. "లేదమ్మా. నువ్వు తే, ఇద్దరం కలిసి నేర్చుకుందాం." ధైర్యం వచ్చిందో, పోయిందో.

సాయంత్రం పక్కింటి సలోమి పెద్దమ్మ వచ్చింది. గుడ్డు తనకి అమ్మేయమంటుంది.

"తింటవా పెద్దమ్మా?"

"తినెటందుకానే ఇది? షోకేసుల పెడ్త."

అమ్మ మేకలకి కుడితి పెడుతూ ఉండిపోయింది. నా డిగ్రీ అంతా ఆ మేకల మీదే నడిచింది. "అమ్మా, నీకిష్టమేనా" అన్నాను. "నీకు మంచిగనిపిస్తే నాకు మంచిదే" అంది, గోలెం వైపు చూస్తూ.

10 నవంబర్, శుక్రవారం

నాలుగు మూలలా గుంజలు పాతేశాడు నాన్న. కిటికీలోంచి కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఆ జత తిరుగుతున్నట్టే ఉంది.

పొద్దున గుడ్డు దుమ్ము తుడుస్తున్నాను. చెయ్యి ఆగిపోయింది. టీచర్ గారు కొన్నారు, కొట్టాయన కొన్నాడు, నాన్న కొన్నాడు, పెద్దమ్మ కొంటానంటుంది. ఎవరూ పగలగొట్టలేదు. సత్తుపల్లి ఆయన ఈము పిల్లల్ని ఎవరికి అమ్ముతాడు? ఫారం పెట్టేవాళ్లకి. మరి మేము?

అయినా ఆ డప్పు ఇంకా ఛాతీలో ఉంది. వద్దని అనలేను. అవునని ఎలా అనేది...

మధ్యాహ్నం బస్సుకి నాన్న దమ్మపేట వెళ్తున్నాడు. ఆయన చేతికి ఇవ్వాల్సిన చీటీ ముందు ఇక్కడ రాసి చూసుకుంటాను —

రత్నం గారికి నమస్కారం. జత నాకు చాలా నచ్చింది. కాళ్లు, కళ్లు, గొంతు అన్నీ చూసుకున్నాను. ఒక్క మాటే మిగిలింది. ఫారం పెట్టడానికి కాకుండా, మాంసానికో నూనెకో తోలుకో మీ దగ్గర కొన్నవాళ్లు ఉంటే ఒక్కరి పేరు చెప్పండి. నేనే వెళ్లి కలుస్తాను. ఎల్లుండి పొద్దున మేకల బేరగాడు వస్తాడు. రేపు, శనివారం సాయంత్రం లోపు కబురు పంపండి.